సంచి మీద ఊరి పేరు

వికారాబాద్ జిల్లా తాండూరు నుంచి బయటి ఊళ్లకు వెళ్లే సరుకుల్లో రెండింటిని జనం ఊరి పేరుతోనే అడుగుతారు: నాపరాయి, కందిపప్పు. నాపరాయిని పలక రంగు చూసి, తట్టి చూసి కొంటారు. పప్పు అలా కాదు. ఏ కుప్ప ఏ నేలలో పండిందో కంటికి తెలియదు, సంచి మీది అక్షరమే చెప్పాలి. వ్యాపారంలో గ్రాఫిక్ డిజైన్ అవసరం అక్కడ మొదలవుతుంది.

రేకులో అక్షరాలు కోసి, దాన్ని గోనెసంచి మీద పరిచి రంగు అద్దడం మార్కా వేసే పాత పద్ధతి. తెలుగుకు ఇది కొంచెం కష్టమైన పని. ‘తాండూరు’లోనూ ‘కంది’లోనూ సున్న ఉంది. సున్నను చుట్టూ కోసేస్తే లోపలి ముక్క ఊడిపోయి, సంచి మీద నల్లచుక్క పడుతుంది. అందుకే చుట్టులో రెండుచోట్ల సన్నటి రేకు పట్టీలు కోయకుండా వదలాలి. ‘పప్పు’లోని వత్తు కింది వరసకు తగలకుండా జాగా ఉంచాలి.

బోర్డు ఆర్టిస్టులకు ఈ లెక్క చేతిలోనే ఉండేది. సుద్దదారంతో గీతలు కొట్టి, గుడులకు పైన, వత్తులకు కింద చోటు చూసుకుని రాసేవారు. అక్షరానికి ఒక పక్క ముదురు నీడ వేస్తే దూరానికీ తేటగా కనిపించేది. ఫ్లెక్సీలు వచ్చాక వేగం పెరిగింది, ఖర్చు తగ్గింది, కానీ ఇంగ్లీషు కొలతతో వరసలు పేర్చడం వల్ల వత్తులు నలిగిపోతున్నాయి. సాధనాలకు కొరత లేదు. పెద్ద అక్షరాలకు రామభద్ర, చిన్నవాటికి మండలి వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి.

2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. దరఖాస్తు చేసింది యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. లోతైన నల్లరేగడి, అందులోని అటాపల్గైట్ బంకమన్ను, సున్నపురాయి నిల్వలు ఈ పంట ప్రత్యేకతకు కారణాలుగా చెబుతారు. 1999 నాటి జీఐ చట్టం ఈ పేరుకు రక్షణ ఇస్తుంది. అయితే చట్టం కాపాడిన పేరును కొనేవారి కంటికి చేర్చాల్సింది ప్యాకెట్టే.

నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, ప్యాకింగ్ వివరాలు, శాకాహారమని తెలిపే ఆకుపచ్చ చుక్క ఎలాగూ తప్పనిసరి. మిగిలిన జాగాలో దేవుళ్లు, పూలు, నాలుగైదు రంగులు కలిపి నింపితే ఊరి పేరు మూలకు పోతుంది. పసుపు ప్యాకెట్‌లో పసుపు పప్పు వెలవెలబోతుంది. తాండూరు నాపరాయి నీలిబూడిద రంగు వెనక ఉంటే పప్పు పసుపు తేరి కనిపిస్తుంది, పైగా రెండూ ఒకే నేలవి. పప్పు కనబడేలా చిన్న పారదర్శక భాగం, తెలుగులో పెద్దగా ఊరి పేరు, వాడుకునే హక్కు నమోదైనవారికి 2018లో కేంద్రం విడుదల చేసిన జీఐ లోగో ఉంటే చాలు.

మిల్లు యజమానులు, రైతు కంపెనీలు వేల ప్యాకెట్లు అచ్చుకు ఇచ్చే ముందు ఒక్క నమూనాను కిరాణా కొట్టు అరలో పెట్టించాలి. గల్లా ఇవతల నుంచి ‘తాండూరు’ చదవగలిగితేనే ఆర్డర్ ఇవ్వాలి.