ఎప్పుడెట్లుంటాడు?

పదో తరగతి ఫలితాలు వచ్చాక మా బడుల్లో స్టడీ, కండక్ట్ సర్టిఫికెట్లు రాసే పని మొదలవుతుంది. పేరు, తండ్రి పేరు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా చదివాడు, చివరగా నడవడిక. అక్కడుండే కాస్త చోటులో ‘గుడ్’ అనో ‘శాటిస్‌ఫాక్టరీ’ అనో రాసి సంతకం పెడతాం. చౌడేపల్లె చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి, ఐదేళ్లు మా కళ్లముందే పెరిగిన బిడ్డ గురించి కాగితం మీద మేం చెప్పేది అంతే.

నోటితో చెప్పేది మాత్రం చాలా ఉంటుంది. వాడు మొండి, వీడు మెతక, ఆ పిల్లకు నోరెక్కువ, ఈ పిల్లకు అసలు నోరే లేదు. స్టాఫ్‌రూములో పుట్టిన ఈ మాటలు ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లల వెంటే వస్తాయి. బదిలీ మీద వచ్చిన కొత్త టీచరుకు పిల్లల పేర్లకంటే ముందే ఇవి తెలిసిపోతాయి. నాకు ఇది చాలాకాలంగా బాధ కలిగిస్తున్న సంగతి.

మనుషుల్ని రకాలుగా విడదీయడం నిన్నా మొన్నటిది కాదు. చరక సంహితలో సాత్త్విక స్వభావాలు ఏడు, రాజసాలు ఆరు, తామసాలు మూడు, మొత్తం 16. వాటికి దేవతల పేర్లున్నాయి, పాము పేరుంది, చేప పేరుంది, ఆఖరికి చెట్టు పేరూ ఉంది. 1921లో మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ రాసిన పుస్తకాన్ని ఆధారం చేసుకుని అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసాబెల్ మయర్స్ తయారుచేసిన పరీక్షలోనూ 16 రకాలే. సాఫ్ట్ స్కిల్స్ శిక్షణలో మన కాలేజీ పిల్లలు నింపి, నాలుగు ఇంగ్లిషు అక్షరాలు పట్టుకుని వచ్చేది ఆ పరీక్షతోనే. కొన్ని వారాలాగి మళ్లీ రాస్తే చాలామందికి ఆ అక్షరాలు మారిపోతాయి.

ఆయుర్వేదం చెప్పే వాత, పిత్త, కఫ ప్రకృతుల మీద హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న పరిశోధన ఒకటి 2015లో వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న 3,416 మంది మగవాళ్లను పరిశీలించి, జన్యువుల విశ్లేషణకు 262 మందినే తీసుకున్నారు. ఫలానా ప్రకృతి అని స్పష్టంగా తేలినవాళ్లు వాళ్లు. పిత్త ప్రకృతికీ పీజీఎం1 అనే జన్యువుకీ సంబంధం కనబడిందని వాళ్లు రాశారు. నన్ను మాత్రం ఆ జన్యువు కంటే ఆ లెక్కే ఎక్కువ ఆలోచింపజేసింది. జాగ్రత్తగా, పద్ధతిగా వెతికితేనే ఒక గడిలో ఇమిడేవాళ్లు అంత తక్కువ. మనం మాత్రం హాజరుపట్టీలో ఉన్న అందరికీ వారంలోపే గడులు కట్టేస్తాం.

గడి కడితే ఏమవుతుందో చూడటానికి మనం దూరం పోనక్కర్లేదు. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి చిన్నప్పుడు మలేరియాతో నలిగిన పిల్లవాడు. పరధ్యానంగా ఉండేవాడు. పదేళ్ల వయసులో తల్లి పోయింది. బడిలో మందబుద్ధి అన్నారు, కొట్టారు. 1909లో తండ్రి కుటుంబాన్ని మద్రాసు అడయారుకు తీసుకెళ్లాక, అక్కడి సముద్రతీరంలో అదే పిల్లవాణ్ణి చూసి దివ్యజ్ఞాన సమాజం నాయకుడు లెడ్‌బీటర్ కాబోయే జగద్గురువన్నాడు. 1911లో ఆ పిల్లవాడి చుట్టూ ఒక సంఘమే వెలిసింది. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఒమెన్‌లో ఆ సంఘాన్ని కృష్ణమూర్తే రద్దు చేశాడు. మొదటి ముద్ర దెబ్బలు తెచ్చింది, రెండోది పూజలు తెచ్చింది. ఆ రెండుసార్లూ, నీకేమవుతోందని ఆ పిల్లవాణ్ణి అడిగినవాళ్లు ఎందరుంటారు? పిల్లల్ని ఒకరితో ఒకర్ని పోల్చకూడదని ఆయన జీవితమంతా చెప్పడం వెనక ఈ అనుభవం ఉందనే నేను నమ్ముతాను. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడి ఆ మాట మీదే నడుస్తోంది.

మరి పిల్లల గురించి ఏమీ చెప్పకుండా ఉండగలమా? ఉండలేం. వేరేగా చెప్పాలి. ఆ పద్ధతి మా రైతులకు ఎప్పటి నుంచో తెలుసు. పుంగనూరు పొట్టి ఆవు కోసం నగరాల నుంచి వచ్చేవాళ్లు ఎత్తు, రంగు అడుగుతారు. పాడి చేసుకునే మనిషి సంతలో ఆవు ముందు నిలబడి అడిగేవి వేరు. ‘దూడ లేకుంటే చేపుతాదా? కొత్త మనిషి కూర్చుంటే తంతాదా? బస్సు హారన్ కొడితే బెదురుతాదా?’ అమ్మేవాడూ అట్లాగే చెబుతాడు: ‘ఆడమనిషి పిండితే కదలదన్నా, మగోడు పోతే కాలెత్తుతాది.’ మంచి ఆవు, చెడ్డ ఆవు అని చెబితే అక్కడ బేరం ముందుకు సాగదు.

ఇదే సంగతిని మనస్తత్వ శాస్త్రంలో వాల్టర్ మిషెల్ చెప్పాడు. మనిషి గుణం అన్నిచోట్లా ఒకేలా ఉంటుందన్న నమ్మకాన్ని 1968లో పుస్తకం రాసి ప్రశ్నించాడు. తర్వాత యుయిచి షోడాతో కలిసి అమెరికాలో ఒక వేసవి శిబిరంలోని పిల్లల్ని గమనించాడు. తగవులాడే పిల్లలందరూ ఒకేచోట తగవులాడటం లేదు. ఒకడు తోటిపిల్లలు దగ్గరికొస్తే కొడతాడు, ఇంకొకడు పెద్దవాళ్లు గద్దిస్తే. ఎప్పుడు కొడతాడన్నదే ఆ పిల్లవాడి గుర్తు, అది చాలావరకు నిలకడగా ఉంటుంది.

మా బడిలో కోపిష్టి అని పేరుపడ్డ ఇద్దరు పిల్లల గురించి నేను విడిగా రాసిపెట్టుకున్నాను. ఒకడికి అందరిముందు తప్పు దిద్దితేనే కోపం. చాటుగా చెబితే వింటాడు. ఇంకొకడి గొడవలన్నీ మొదటి రెండు పీరియడ్లలోనే, అదీ బడిలో రాగిజావ ఇవ్వని రోజుల్లో. వాళ్లమ్మ తెల్లారకముందే మదనపల్లె మండీకి టమోటాలు గ్రేడింగ్ చేయడానికి పోతుంది. వాడు చెల్లెలికి జడ వేసి, తాను తినకుండా బడికొస్తాడు. ఒకే పేరు కింద ఇద్దర్నీ కట్టేస్తే, ఒకడికి చెప్పే తీరు మార్చాలనీ ఇంకొకడికి తిండి పెట్టాలనీ ఎట్లా తెలుస్తుంది?

సర్టిఫికెట్ నమూనా మన చేతిలో లేదు. పై తరగతి టీచరుకు అప్పగించే కాగితం మన చేతిలోనే ఉంది. ఎప్పుడు కుదురుగా ఉంటాడు, ఎప్పుడు చెదురుతాడు, అప్పుడేం చేస్తే తేరుకుంటాడు అని మూడు వాక్యాలు రాద్దాం. తరగతి అందరికీ రాసే తీరిక ఉండదు. ముద్ర పడిపోయిన పిల్లలతో మొదలుపెడితే చాలు. మూడో వాక్యం తోచకపోతే పిల్లల్నే అడగొచ్చు. నోరే లేదని పేరుపడ్డ తొమ్మిదో తరగతి అమ్మాయిని అడిగితే, ‘బోర్డు దగ్గరికి పిలవబాకండి సార్, కూర్చున్నచోటే అడగండి, చెబుతాను’ అంది. ఆ పిల్ల కాగితంలో ఆ మాటే ఉన్నదున్నట్టు రాశాను.