ఉసామా అక్కయ్య ఏమనుకుంది?

సిలువ యుద్ధాలు అనగానే మనకు సలాహుద్దీన్, సింహహృదయుడు రిచర్డ్, వాళ్ల కత్తులూ గుర్తొస్తాయి. ఆ రోజుల్లో ఇళ్లల్లో ఏం జరిగేదో తెలియాలంటే మాత్రం ఉసామా ఇబ్న్ మున్కిజ్ స్వీయచరిత్ర చదవాలి. సిరియాలోని షైజర్ కోటలో 1095లో పుట్టిన ఈ అరబ్ దొర, తొంభై దగ్గరపడ్డాక చెప్పిన కబుర్లివి. నేను చదివింది 1929లో వచ్చిన ఫిలిప్ హిట్టి ఇంగ్లీషు అనువాదం. యుద్ధం మధ్యలో వేట, వేట మధ్యలో వైద్యం... ఒక వరసంటూ లేదు. నాకా చిందరవందరే నచ్చింది.

ఉసామా ఓసారి సింహాన్ని చంపి తల పట్టుకొచ్చాడు. నూరేళ్లకు దగ్గరపడ్డ నాయనమ్మ కొవ్వొత్తి పట్టుకుని వచ్చి, మెచ్చుకోకపోగా చీవాట్లు పెట్టింది. ఇలాంటి ఘనకార్యాలు చేస్తే కోట ఏలే బాబాయికి నీమీద మనసు విరుగుతుంది సుమా, అని. చివరికి 1138లో ఉసామా ఆ కోట విడవవలసే వచ్చింది. రాజకీయం ఎవరికి తెలిసినట్టు?

అసలు ఘట్టం వేరే ఉంది. ఇస్మాయిలీ సాయుధులు కోటలోకి చొరబడ్డ రోజున ఉసామా తల్లి ఇంట్లో ఉన్న కత్తులన్నీ పోరాడేవాళ్లకు పంచిపెట్టింది. తర్వాత పెద్దకూతుర్ని లోయ వైపు బాల్కనీలో కూచోబెట్టి, తాను వెనకాల కూచుంది. శత్రువు లోపలికొస్తే కూతుర్ని లోయలోకి తోసెయ్యాలని! ఉసామా తల్లికి కృతజ్ఞత చెప్పాడు. అక్కయ్య కూడా చెప్పిందని రాశాడు.

ఇక్కడే నేను ఆగిపోయాను. నవలలు రాసేదాన్ని కదా, ఆ ‘కూడా’ దగ్గర నా మనసు ఒప్పుకోలేదు. వీపు వెనక తల్లి చేతులు, ఎదురుగా లోయ. అక్కడ కూచున్నంతసేపూ ఆ పిల్ల ఏమనుకుంది? సుమారు డెబ్బై ఏళ్ల తర్వాత తమ్ముడు ఒక్క వాక్యంలో తేల్చేశాడు. ఈజిప్టు నుంచి వస్తూ తన కుటుంబం ఎక్కిన ఓడ దోపిడీకి గురైతే, ఆడవాళ్లూ పిల్లలూ క్షేమంగా చేరినా, పోయిన నాలుగు వేల పుస్తకాల దిగులు చచ్చేదాకా పోదని రాసుకున్న మనిషి!

ఏమాటకామాటే. కావాలనుకుంటే ఆ బాల్కనీ సంగతి దాచెయ్యగలిగేవాడే, దాచలేదు. ఇంకోటి చూడండి. ఆ ఘట్టంలో తల్లి పేరు లేదు, అక్క పేరు లేదు. మొహానికి ముసుగు బిగించి, కత్తి పట్టుకుని శత్రువు మీదికి ఉరికిన ముసలి దాసి పేరు మాత్రం ఉంది. ఫునూన్.