కడిగినా వదలనిదే కావాలి

కీళ్లవాతానికి వాడే అడాలిముమాబ్ సూదిమందుకు 2002 చివర్లో అమెరికాలో అనుమతి దొరికింది. పూర్తిగా మనిషి యాంటీబాడీగా అనుమతి పొందిన మొదటి మందు అదే. దాన్ని వెతికి పట్టిన పద్ధతి ఫేజ్ డిస్‌ప్లే.

మూలం జార్జ్ స్మిత్ 1985లో చూపిన కిటుకు. బాక్టీరియాను పట్టే ఓ సన్నని వైరస్ (ఫేజ్) కొన మీద ఒక ప్రొటీన్ ఉంటుంది. దాని జన్యువులో మనకు కావలసిన ముక్క అతికిస్తే, ఆ ముక్క తాలూకు ప్రొటీన్ వైరస్ పైకి వస్తుంది, జన్యువు లోపల ఉండిపోతుంది. పైదాన్ని పట్టుకుంటే తయారీ విధానమూ చేతికొచ్చినట్టే.

1990లో కేంబ్రిడ్జ్‌లో జాన్ మెకాఫర్టీ, గ్రెగ్ వింటర్ బృందం ఆ కొనకు యాంటీబాడీని ఎక్కించింది. మొత్తం ఎక్కించలేదు. లక్ష్యాన్ని, అంటే యాంటీబాడీ అంటుకోవాల్సిన పదార్థాన్ని, పట్టుకునే రెండు ముక్కలే తీసుకుని, మధ్యన 15 అమైనో ఆమ్లాల లంకె వేసింది. లంకెలో ఉన్నవి గ్లైసీన్, సెరీన్ మాత్రమే. అన్నిటికన్నా చిన్నదైన గ్లైసీన్ ఎటైనా వంగుతుంది, సెరీన్‌కు నీటితో పేచీ లేదు. ముక్కలు రెండూ వాటంతటవే సర్దుకుంటాయి. ఇంత పొదుపైన పనితనం అరుదు.

నేర్పంతా కడగడంలో ఉంది. ఒక్కోటి ఒక్కో రకం యాంటీబాడీ ముక్క మోసే కోట్లాది వైరస్‌లను లక్ష్యం పూసిన ప్లేటులో పోసి, అంటనివాటిని కడిగేసి, మిగిలినవాటిని ఆమ్లంతో ఊడదీసి బాక్టీరియాలో పెంచుతారు. మళ్లీ పోస్తారు, మళ్లీ కడుగుతారు. చాటలో చెరిగినట్టు మూడు నాలుగు విడతల్లో తాలు ఎగిరిపోతుంది. మొదటి విడతలోనే గట్టిగా కడిగితే, ఒకటో రెండో ఉన్న మంచివీ కొట్టుకుపోతాయి. మెత్తగా కడిగితే ప్లాస్టిక్‌కు అంటుకున్న పనికిరానివి మిగులుతాయి. ఆ ప్లాస్టిక్‌ను ముందే కప్పేయడానికి వాడేది చాలాసార్లు పాలపొడి! ఖరీదైన యంత్రాల పక్కన ఆ డబ్బా ఉంటే ముచ్చటేస్తుంది.

అడాలిముమాబ్ కోసం ఎలుక యాంటీబాడీతో మొదలుపెట్టి, ఇదే వడపోతతో దాని ఒక్కో ప్రొటీన్ గొలుసునూ మనిషిదానితో మార్చుకుంటూ వచ్చారు. స్మిత్, వింటర్‌లకు 2018లో నోబెల్ వచ్చింది.

అయితే ఈ వడపోత అడిగేది పట్టు ఒక్కటే. దొరికిన ముక్కకు మిగతా శరీరం తగిలించి, చైనీస్ హ్యామ్‌స్టర్ అండాశయ కణాల్లో పండించాలి. మనిషి యాంటీబాడీకి ఉండే చక్కెర గొలుసుల్లాంటివి ఆ కణాలు తగిలించగలవు, మామూలు బాక్టీరియా తగిలించలేదు. ఆ కణం తగినంత దిగుబడి ఇస్తుందా, అడాలిముమాబ్ సూదిలోలా 0.8 మిల్లీలీటర్లలో 40 మిల్లీగ్రాములు గడ్డకట్టకుండా నిలుస్తాయా అన్నది ప్లేటు చెప్పదు. వాటికి వేరే పరీక్షలు పెట్టాల్సిందే.