నమూనాకు రెక్కలు కట్టే చేతులు

తెమడ పరీక్షకిచ్చే డబ్బా అరచేతిలో ఇమిడిపోతుంది. యాదాద్రి భువనగిరి జిల్లా పల్లెల నుంచి క్షయ నమూనాలను బీబీనగర్ ఎయిమ్స్ వాళ్లు డ్రోన్లతో తెప్పిస్తున్న సంగతి విన్నప్పుడల్లా నాకు ఆ డబ్బా మూసే చేతులే కళ్ల ముందు మెదులుతాయి.

మూత బిర్రుగా బిగించాలి. చీటీ మీది పేరు, నంబరు సరిచూడాలి. ఒలికితే పీల్చుకునేలా దూది చుట్టి, ఇంకో డబ్బాలో దించి, ఐసు ప్యాకుల మధ్య పెట్టెలో సర్దాలి. మూడు పొరల కాపలా! ఆ తర్వాతే పైలట్ వంతు. గాలి, బ్యాటరీ, బరువు అన్నీ చూసుకున్నాకే డ్రోన్ నేల వదలాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, నమూనాకు ఆలస్యమే శత్రువు. తీసిన రక్తాన్ని ఊరికే ఉంచితే అందులోని కణాలు చక్కెరను తినేస్తూనే ఉంటాయి, లెక్క తప్పుతుంది. ఆ ఆలస్యాన్ని డ్రోన్ తగ్గిస్తుంది. 2021 అక్టోబరులో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) డ్రోన్‌తో మణిపూర్‌లోని లోక్‌తక్ సరస్సులో ఉన్న కరాంగ్ దీవికి టీకాలు పంపింది. 26 కిలోమీటర్ల రోడ్డు దారి గాలిలో 15 కిలోమీటర్లే అయింది, పావుగంటలో పని ముగిసింది. అంతకు నెల ముందే మన వికారాబాద్ ఆకాశంలో మందుల పెట్టెలు ఎగిరాయి.

దగ్గుతో నీరసించిన ముసలమ్మ బస్సులు మారి పట్నం పోనక్కర్లేదు. ఆమె బదులు ఆ చిన్న డబ్బా వెళ్లొస్తుంది. దాన్ని భద్రంగా సాగనంపే టెక్నీషియన్లకూ పైలట్లకూ మనసారా దండం.