కౌంట్ వెనక ధ్వని

హెచ్‌ఐవీ జన్యుకథల్లో పేరంతా సీసీఆర్5 డెల్టా 32దే. 32 అక్షరాలు ఊడిపోయిన జన్యువు, కణంలోకి దారి దొరకని వైరస్, అలాంటి జన్యువున్న దాత మూలకణాలను 2007లో బెర్లిన్‌లో ఎక్కించుకుని హెచ్‌ఐవీ నుంచి బయటపడ్డ తిమోతీ రే బ్రౌన్. వీరం, అద్భుతం రెండూ పండిన కథ. చప్పట్లు న్యాయమే. నా మనసు మాత్రం ఐదో క్రోమోజోములో అంతగా పేరులేని ఐఎల్7ఆర్ అనే జన్యువు దగ్గర ఆగిపోతుంది.

మందులు వైరస్‌ను ఆపుతాయి. పోయిన సీడీ4 కణాలను, అంటే రోగనిరోధక టీ కణాల్లో ఒక రకాన్ని, తిరిగి నింపుకోవడం ఒంటి పని. ఆ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో "ఈసారి కౌంట్ ఎంత వచ్చింది?" అని అడుగుతారే, ఆ అంకె మొదటి రెండు మూడు నెలల్లో గబగబా ఎక్కుతుంది. అది చాలావరకు కొత్త పుట్టుక కాదు, లింఫు గ్రంథుల్లో చిక్కుకున్న పాత కణాలు రక్తంలోకి రావడం. అసలు రచన ఆ తర్వాత, విలంబంలో సాగుతుంది. రొమ్ము ఎముక వెనక ఉన్న థైమస్ ఏళ్ల తరబడి కొత్త కణాలను పంపుతూ ఉంటుంది. వైరస్ పరీక్షకు కూడా అందనంతగా అణగినా, కొందరి కౌంట్ మాత్రం 200, 300 దగ్గరే కూలబడుతుంది. వయసు, మందు మొదలుపెట్టేనాటికి కౌంట్ ఎంతకు పడిపోయిందన్నది పెద్ద కారణాలు. అవి వాచ్యం. జన్యువు ధ్వని.

టీ కణం బతకాలంటే ఇంటర్‌ల్యూకిన్-7 (ఐఎల్-7) అనే సంకేత ప్రోటీన్ అందాలి. టీ కణాలు దాన్ని చేసుకోలేవు. థైమస్‌లో, ఎముక మజ్జలో, లింఫు గ్రంథుల్లో ఉండే ఆధారకణాలు చేసిపెడతాయి, అదీ పొదుపుగా. దాన్ని అందుకునే గ్రాహకానికి నమూనా రాసి ఉన్నది ఐఎల్7ఆర్‌లో. ఇక్కడే ఉంది సొగసు: తనకు కావలసింది అందగానే కణం తన గ్రాహకాలను తగ్గించేసుకుంటుంది. పంక్తి భోజనంలో కడుపు నిండినవాడు లేచి, వెనక నిలబడ్డవాడికి చోటిచ్చినట్టు. లెమ్మని గదమాయించేవాడెవడూ లేడు. 2004లో ఎలుకల్లో ఈ సంగతి తేలింది. పరోపకారం అనాలనిపిస్తుంది గానీ, అనకుండా ఊరుకోవడం శాస్త్రమర్యాద. హెచ్‌ఐవీలో సీడీ4 కణాలు తగ్గేకొద్దీ తినేవాళ్లు కరువై రక్తంలో ఐఎల్-7 పెరుగుతుంది. లేమి ఎంతుందో ఆ మిగులే చెబుతుంది.

ఇక ఒక్క అక్షరం సంగతి. ఈ జన్యువులో ఆరో ఎక్సాన్, అంటే ప్రోటీన్ నమూనా ఉన్న ఆరో ముక్క, గ్రాహకాన్ని కణపు పొరకు పట్టి ఉంచే భాగాన్ని రాస్తుంది. అందులో ఒకచోట కొందరికి సీ అనే అక్షరం, కొందరికి టీ. సీ ఉంటే, జన్యుసందేశాన్ని అతికేటప్పుడు ఆ ఎక్సాన్ మొత్తం జారిపోవడం ఎక్కువ. అప్పుడు తయారైన గ్రాహకానికి పట్టుండదు, కణాన్ని వదిలి రక్తంలో తేలిపోతుంది. టీ ఉంటే ఆ జారుడు తక్కువ. ఆస్ట్రేలియాలో, స్పెయిన్‌లో చికిత్సలో ఉన్నవారిని పరిశీలిస్తే, టీ ఉన్నవారి సీడీ4 త్వరగా కోలుకున్నట్టు కనిపించింది. 2007లో మల్టిపుల్ స్క్లెరోసిస్ ముప్పును కాస్త పెంచుతుందని తేలిన సీ కూడా ఈ చోటిదే. దీన్ని తలరాత అనేవాళ్లతో నాకు పేచీ. ప్రభావం చిన్నది, అందరిలో ఒకేలా కనిపించదు కూడా. ధ్వని అన్నాక అంత లీలగానే ఉంటుంది మరి.

ఐఎల్-7 విలువ తెలియాలంటే పక్కన టీ కణాలను పెంచే మరో సంకేతం ఐఎల్-2ను పెట్టి చూడాలి. ఎస్ప్రిట్, సిల్కాట్ అనే రెండు పెద్ద పరీక్షల్లో ఏఆర్‌టీకి తోడు ఆ ఇంజెక్షన్లు ఇచ్చారు. సీడీ4 బాగానే పెరిగింది. 2009లో ఫలితాలు వచ్చేసరికి, జబ్బులూ చావులూ మాత్రం తగ్గలేదు. అంకె ఉంది, రసం లేదు. ఐఎల్-7ను కూడా చిన్న పరీక్షల్లో ఎక్కించి చూశారు. పెరిగినవాటిలో ఇంకా ఏ శత్రువునూ చూడని లేత కణాలున్నాయి. అంత సమృద్ధిగా బయటినుంచి పోసినప్పుడు కూడా టీ కణాలు కొన్నాళ్లపాటు తమ గ్రాహకాలను దించేసుకున్నాయి.