పాత భవంతుల చరిత్ర: యజమానులు, నివాసులు

విక్టోరియా రాణి కాలపు మేడలను, దొరల బంగళాలను గూర్చిన వ్యాసములలో ఒక లోపము తఱచుగా కానవచ్చును. కట్టించినదెవరు, కొన్నదెవరు, వెల యెంత అను ప్రశ్నలతోనే అవి ముగియుచుండును. క్రయపత్రముల పరంపర గృహచరిత్రకు వెన్నెముక యగునుగాని, ప్రాణము కాజాలదు.

హైదరాబాదులోని ఫలక్‌నుమా సౌధమే ఇందుకు తార్కాణము. పైగా వంశీయుడగు వికారుల్ ఉమ్రా దీనికి 1884లో శంకుస్థాపన గావించెను. 1897లో ఇది ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను పరమైనది. దానిని కానుక యనువారును, క్రయమనువారును కలరు. 1911లో నిజాము అచ్చటనే కన్నుమూసెను. 2010లో ఆ సౌధము హోటలుగా తెఱవబడినది. చేతులు మారినను, కట్టించినవాని పేరును సూచించు ‘వి’, ‘ఓ’ అను ఆంగ్లాక్షరములు గోడలపైనను, సామానుపైనను నిలిచియున్నవి. నూటొక్కమంది కూర్చుండదగిన భోజనపు బల్లను వర్ణించువారు పెక్కురు. ఆ బల్లయొద్ద వడ్డించినవారిని తలచువారు అరుదు.

కడపలోని బ్రౌను బంగళా కథ ఇందుకు విరుద్ధమైనది. అది విక్టోరియా కాలమునకు కొంచెము ముందటిది. 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను, తరువాత అచ్చట తోటతోగూడిన బంగళా కొని, పండితులకును, లేఖకులకును సొంత ధనముతో జీతములిచ్చి, తాళపత్రప్రతులను సరిచూపించెను. జనులు దానిని ‘బ్రౌను కాలేజి’ యనిరి. కాలక్రమమున బంగళా శిథిలమయ్యెను. కాని అచ్చటి కృషి నశింపలేదు. ఆయన సేకరించిన ప్రతులనేకము మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమును చేరినవి. ఆ స్థలముననే 1995లో బ్రౌను పేర గ్రంథాలయము వెలసినది.

మొదటి గృహము నిలిచినను, అందు శ్రమించినవారి స్మృతి మరుగువడినది. రెండవది కూలినను, అందలి శ్రమ నిలిచినది. ఇచ్చటనైనను కీర్తి యధికముగా దొరకే దక్కినది. ప్రతులు వ్రాసినవారిలో పెక్కుర పేర్లు నేటికిని సామాన్య పాఠకునకు తెలియవు. యజమానులకు పత్రములున్నవి, పనివారికి సాక్ష్యమెక్కడ యని యడుగవచ్చును. జీతపు చిట్టాలు, ఉత్తరములు, ప్రతుల చివరి గద్యలు సాక్ష్యములే. వెదకనిచో ఏ సాక్ష్యమును దొరకదు.

పేర్ణాంబట్టు, గుడియాత్తము ప్రాంతముల తెలుగువారికి ఈ విచారము దూరమైనది గాదు. ఏ పాత యింటి పెట్టెలోనైనను తెలుగు దస్తావేజు, పద్దుపుస్తకము, ఉత్తరపు కట్ట మిగిలియున్నచో, అమ్మకమునకు ముందే దానిని చదివి, అందలి పేర్లన్నియు వ్రాసియుంచుట కర్తవ్యము. గోడ కూలినచో మరల కట్టవచ్చును. చిత్తుకాగితముగా పోయిన పద్దును తిరిగి తేజాలము.