అరవైకి ఒకటి

సైకిల్ మీద దేశం తిరిగేవాళ్లు చండీగఢ్ చేరితే ఒక రోజైనా ఆగుతారు. ముందు కాగితం మీద గీసుకుని, ఆ తర్వాత కట్టిన రాజధాని అది. తీర్చిదిద్దిన ఆ సెక్టార్లు చూడముచ్చటగా ఉంటాయి. కానీ చదును నేల మీద గీత గీయడం వేరు, తూర్పు కనుమల మీద గీయడం వేరు. ఆ పనితనం చూడాలంటే శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ రోడ్డెక్కాలి. అదే కొండల్లో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం ఉంది.

1960లో జపాన్‌కు ఇనుప ఖనిజం అమ్మే ఒప్పందం కుదిరింది. బైలడిలా కొండల ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి ఆ దశకంలోనే ఈ లైను వేశారు. దీని గురించి చెప్పేవాళ్లంతా 58 సొరంగాల దగ్గర మొదలుపెడతారు. నన్ను కట్టిపడేసింది మాత్రం వాలు.

కాశీపట్నం దాటాక రోడ్డుకు పైకెక్కాలన్న తొందర ఎక్కువ. మలుపు మలుపుకీ గేరు తగ్గిస్తూ పోతే, చివరికి తగ్గించడానికి గేరే మిగలదు. రైలు మార్గానికి ఆ తొందర లేదు. ఘాట్‌లో దాని వాలు 60కి 1: 60 మీటర్లు ముందుకు సాగితే ఒక్క మీటరు పైకి. ఖనిజం నింపుకుని దిగే బండి అదుపు తప్పకూడదంటే వాలు మితంగానే ఉండాలి. కొండ అడ్డొస్తే చుట్టి వెళ్లాలి, చుట్టడానికి చోటు లేకపోతే తొలచాలి. ఆ సొరంగాలన్నీ ఈ పట్టుదల ఫలితమే.

ఇంకా సన్నని పని వంపుల్లో ఉంది. వంపులో చక్రం అంచు పట్టాను ఒరుసుకుని, ఇంజనుకు లాగడం కష్టమవుతుంది. అందుకని అక్కడ వాలు తగ్గిస్తారు. రైల్వే లెక్క ప్రకారం వంపు డిగ్రీకి 0.04 శాతం. ఈ లైనులో 8 డిగ్రీల వంపులున్నాయి. ఆ లెక్కన అక్కడ 60కి 1 కాస్తా దాదాపు 74కి 1 అవ్వాలి. కంటికి ఆనని తేడా ఇది! పైగా ఇక్కడి రాయి ఖొండలైట్. ఖోండు గిరిజనుల పేరుతో పిలిచే ఈ రాయి వానకూ గాలికీ మెత్తబడి జారిపోతుంది. అలాంటి రాతిని కోసి, అంత కచ్చితమైన వాలు నిలబెట్టి, శిమిలిగూడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకు లైను చేర్చారంటే ఆ సర్వేదార్లకూ కూలీలకూ చేతులెత్తి మొక్కాలి.

తిరుగు ప్రయాణం అరకు నుంచి రైల్లో పెట్టుకోండి. శిమిలిగూడ, కరకవలస, బొర్రా గుహలు, చిమిడిపల్లి, టైడా వరసగా వస్తాయి. పెట్టెలో అందరూ లోయ వైపు చూస్తుంటారు. మీరు వంపు వచ్చినప్పుడల్లా ముందు పెట్టెల వైపు చూడండి. సైకిల్ తొక్కి ఎక్కిన కొండనే రైలు ఎంత నిదానంగా దిగుతోందో తెలుస్తుంది.